పూ అంటే ఎన్ని ఓలు?

మా వదిన పుట్టిల్లు ఆత్రేయపురం, మెట్టినిల్లు రాజమండ్రి. పెరట్లో కుండ బోర్లించి, కొబ్బరాకుల మంట మీద పూతరేకులు తీయించి, కొన్నేళ్లుగా ఫోన్ల మీదే అమ్ముతోంది. ఈమధ్య ఆన్‌లైన్లో కొట్టు తెరుస్తానంది. ‘పేరు నువ్వే తేల్చాలయ్యా’ అంటూ క్యాలెండర్ కాగితం వెనక రాసిన నాలుగు పేర్లు నా చేతిలో పెట్టింది. అక్షరాలతో బతికేవాణ్ని కదా, పది నిమిషాల పని అనుకున్నాను. రెండు ఆదివారాలు పోయాయి.

మొదటి దాంట్లో పుట్టిన ఊరి పేరుంది. అది వదినే కొట్టేసింది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజమండ్రిలో చుట్టిన రేకుకు ఆ పేరు తగిలిస్తే పుట్టింటివాళ్ల నోటి దగ్గర కూడు లాక్కున్నట్టేనంది.

రెండోది ఒట్టి పూతరేకులు. తెలుగులో చక్కని మాట. ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టబోతే చిక్కంతా మొదలైంది. పూ అంటే పీ తర్వాత రెండు ఓలా, ఒక యూనా? త అంటే టీ చాలా, పక్కన హెచ్ కావాలా? రెండు రెళ్లు నాలుగు. నాలుగూ జనం రాసేవే. ఒకటి కొంటే మిగతా మూడూ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఒక్క అక్షరానికి ఇంత గొడవేమిటనుకోకండి. సత్యం ఇన్ఫోవే వారి సిఫీలో ఎఫ్ ఒకటే. మరో సంస్థ రెండు ఎఫ్‌లతో సిఫీనెట్ అని పెట్టుకుంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కుకు ఉన్నట్టే రక్షణ ఉంటుందని 2004లో తీర్పొచ్చింది.

తెలుగు లిపిలోనే పెడితే పోలేదా? పెట్టుకోవచ్చు. డాట్ భారత్ మన లిపిలోనూ ఉంది. కానీ వదినకు ఆర్డర్లిచ్చేవాళ్లలో సగం మంది అమెరికా పిల్లలు. తెలుగు మాట్లాడతారు, టైపు కొట్టరు.

మూడోది గోదావరికీ స్వీట్లకీ మధ్య హైఫన్ ఉన్న పేరు. హైదరాబాద్‌లో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేసి కొట్టమన్నాం. 

‘హైఫన్ అంటే ఏంట్రా?’ 

‘చిన్న గీత పెద్దమ్మా.’ 

‘కిందా, మధ్యలోనా?’

పేరు అక్కడే పోయింది. డొమైన్లో కింది గీత అసలు చెల్లదు. ఆ సంగతి కొనేవాళ్లకు మనం పాఠం చెప్పలేం కదా. అప్పటినుంచి అదే మా పరీక్ష అయింది: ఫోన్లో ఒక్కసారి చెబితే, అవతలివాళ్లు ఎదురు ప్రశ్న వేయకుండా కొట్టగలగాలి. 1994లో జెఫ్ బెజోస్ తన కంపెనీకి మొదట పెట్టిన పేరు కడబ్రా. ఫోన్లో విన్న లాయరుకు అది కెడావర్ అని, అంటే శవమని వినిపించిందట. తర్వాతే అమెజాన్ అయింది.

నాలుగోది నాకు బాగా నచ్చింది. పొర. రేకు మీద రేకు కదా! ఇంగ్లీషులో రాసి మా అబ్బాయికి చూపించాను. ‘పోరా... ఎవర్నంటున్నారు నాన్నా?’ అన్నాడు.

నాలుగూ పోయాక వదిన పెరట్లోకి చూసి, ‘కుండ లేందే రేకెక్కడిది?’ అంది. అంతే, కుండరేకు. దీర్ఘం ఒక్కచోటే, ఒత్తు లేదు, హెచ్ లేదు. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ తీసుకున్నాం. కొట్టు ఒక్కటే, రెండో పేరు కొడితే అక్కడికే చేరుతుంది.

కొనేటప్పుడు నేను పట్టుబట్టింది ఒక్కటే: వదిన పేరుతో, వదిన ఈమెయిల్‌తో కొనాలని. డొమైన్ సొంతిల్లు కాదు, ముందే అద్దె కట్టుకునే ఇల్లు. ఒకప్పుడు నా వ్యాసాల సైటు కట్టిన కుర్రాడు పేరును తన ఈమెయిల్ మీద తీసుకున్నాడు. ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లాడు, ఈమెయిల్ మార్చాడు. గడువు ముగుస్తోందన్న ఉత్తరాలన్నీ ఎవరూ తెరవని పెట్టెలో పడ్డాయి. ఒకరోజు పొద్దున చూస్తే నా పేరు కింద ఎవరివో అప్పుల ప్రకటనలు.

సాయంత్రం మళ్లీ పెద్దమ్మకు ఫోన్ చేశాం. పేరు ఒక్కసారే చెప్పాను. కాసేపు ఏ చప్పుడూ లేదు.

‘వచ్చిందిరా. కానీ లోపల ఏమీ లేదే?’

‘ఇంకా కట్టలేదు పెద్దమ్మా.’

‘సరేలే. బెల్లంవి ఒక పాతిక పంపించమను.’