పూడికకు గడి లేని పట్టిక

మన పెద్ద ఆనకట్టల జాతీయ రిజిస్టరును మీరు చూశారా? కేంద్ర జలసంఘం 2019లో వెలువరించిన సంచికలో మొత్తం 5,745 ఆనకట్టలున్నాయి. ఒక్క మహారాష్ట్రలోనే 2,394! అయితే అక్కడ నీటికి కొదవ లేదనుకోకండి. 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి లాతూరుకు తాగునీటిని రైల్లో పంపవలసి వచ్చింది. 15 మీటర్లు దాటిన మట్టికట్టా, సుమారు 226 మీటర్ల భాక్రా – రెండూ ఈ లెక్కలో 'పెద్దవే', రెండింటికీ చెరో వరుసే.

నది, ఎత్తు, నిల్వ సామర్థ్యం వంటి గడులున్నాయి. కట్టిన సంవత్సరం ఇవ్వడం మెచ్చుకోదగినదే. కట్ట వయసు తెలుస్తుంది. కాని పూడికకు గడి లేదు. నది మోసుకొచ్చే ఒండ్రు, ప్రవాహ వేగం తగ్గగానే జలాశయం అడుగున పేరుకుంటుంది. 1953లో సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన తుంగభద్ర జలాశయం 2016 సర్వే నాటికి 105.788 టి.ఎం.సి.లకు తగ్గింది. ఆ తేడాను భరించేది రాయచూరు, బళ్ళారి, కర్నూలు, అనంతపురం రైతులు. ముంపు గ్రామాలకూ గడి లేదు.

2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయింది. గేట్లు ఏ స్థితిలో ఉన్నాయో ఈ పట్టికలో వెతికినా దొరకదు.