కుర్రాళ్ల కార్డులు

ఈ వారం నాకు కోపం తెప్పించినవాడు చేస్తున్నది మంచి పనే. అదే చిక్కు. వాళ్ల తాతగారు ఓ చిన్న పట్టణంలో చాలాకాలం విలేకరి. ఆయన ట్రంకుపెట్టెలోంచి సన్మానపత్రాలూ మంత్రుల ఉత్తరాలూ ఏరి స్కాన్ చేయించాడు. ‘‘మిగతావన్నీ చెత్తేనండీ, కథ చూడమని కుర్రాళ్లు రాసిన కార్డులూ పోస్టాఫీసు రసీదులూ’’ అంటూ పాత పేపర్లవాడికి తూకానికి వేసేశాడు.

నా పాత పాట మీకు తెలిసిందే: పత్రికలవాడి బతుకంతా అచ్చులోనే ఉంటుంది, పోయాక పెట్టెలు తెరవడం పరాయి కిటికీలోంచి తొంగిచూడటమే. ఆ లెక్కన నేను సంతోషించాలి. ఒళ్లు మండింది.

శంభుచంద్ర ముఖర్జీ గుర్తొచ్చారు. హిందూ పేట్రియట్‌లో రాసి, ముఖర్జీస్ మ్యాగజైన్ నడిపి, త్రిపుర సంస్థానంలో మంత్రిగిరీ చేసి, చివరికి కలకత్తాలో ‘రెయిస్ అండ్ రయ్యత్’ వారపత్రికతో స్థిరపడ్డ మనిషి. 1894లో పోయారు. ఏడాది తిరిగేసరికి స్క్రైన్ అనే ఐసీఎస్ దొర ఆయన జీవితాన్నీ ఉత్తరాలనూ కలిపి ‘యాన్ ఇండియన్ జర్నలిస్ట్’ అని పుస్తకం తెచ్చాడు. తెల్లదొర ఓ నల్ల ఎడిటరు ఉత్తరాలు పోగేయడం ఆ రోజుల్లో చిన్న విషయమేమీ కాదు.

తెలుగువాళ్లకు ఆయనతో పనేమిటంటే, 1883లో విజయనగరం కుర్రాడొకడు ఇంగ్లీషులో సారంగధర కథను కావ్యంగా రాశాడు. ఇండియన్ లీజర్ అవర్‌లో వచ్చింది. ముఖర్జీ దాన్ని మెచ్చి తన పత్రికలో మళ్లీ వేసుకున్నారు. అక్కడితో ఊరుకోలేదు, సొంత భాషలో రాయవయ్యా అని ప్రోత్సహించారు. కుర్రాడు గురజాడ అప్పారావు. కన్యాశుల్కం 1897లో అచ్చయింది. ఆ పుస్తకం ముఖర్జీ చూడలేదు.

వారం వారం ఆయన రాసిన సంపాదకీయాలు మనలో ఎవరు చదివారు? నేనూ చదవలేదు. ముక్కూ మొహం ఎరగని కుర్రాడికిచ్చిన సలహా మాత్రం మన సాహిత్య చరిత్రలోకి ఎక్కింది. అచ్చులోనే అంతా ఉంటుందన్న నా మాట ఇక్కడ చెల్లదు.

పోనీ పెట్టంతా దాచి ఉంటే సరిపోయేదా? అదీ కాదు. తాతగారు రాసిన జవాబులు ఆ పెట్టెలో ఎందుకుంటాయి? అవి ఆ కుర్రాళ్ల ఇళ్లలో ఉండాలి. వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో చెప్పగలిగినవి ఆ కార్డులూ రసీదులే. మంత్రుల అడ్రసులు ఎవర్నడిగినా చెబుతారు.