పేర్లు కలిపే యంత్రం, గ్రామసభ చేయవలసిన పని

కృత్రిమ మేధ గురించి మన పిల్లలకు చెప్పే పాఠాలు రోబోతోనో, చదరంగం ఆడే కంప్యూటర్‌తోనో మొదలవుతున్నాయి. రేషన్ కార్డుతో మొదలుపెట్టాలని మేము అంటాం. మన ఇళ్ళలోకి యంత్రం లెక్క వచ్చిన దారి అదే.

తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థను తయారుచేసుకుంది. వాహనాలు, భూములు, కరెంటు మీటర్లు, ఇంటి పన్నులు ఇలా ఒక్కో శాఖలో విడిగా ఉన్న వివరాలను అది ఒకచోట చేరుస్తుంది. ఈ జాబితాలోని మనిషీ ఆ జాబితాలోని మనిషీ ఒక్కరేనా అని కంప్యూటర్ తేలుస్తుంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా వంటివి ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి మార్కులు వేస్తుంది. మార్కులు ఒక గీత దాటితే ఇద్దరూ ఒకరే. ఆ ఒకరి పేరున కారు ఉంటే కార్డు పోతుంది. దీన్ని మెచ్చుకునేవాళ్ళు చెప్పేది ఒకటే: మనిషి లంచం తింటాడు, తనవాళ్ళను చూసుకుంటాడు, యంత్రానికి కులమూ లేదు, తెగా లేదు.

యంత్రానికి తెగ లేకపోవచ్చు. దానికి మేతగా వేసే పేర్లకు ఉంది. ఒక గోండు గూడెంలో ఎన్ని ఇంటిపేర్లుంటాయి? ఆత్రం, మడావి, కుమ్ర, సిడాం, మెస్రం అని నాలుగైదు చెప్పేసరికి ఊరు అయిపోతుంది. ఆ వెనుక వచ్చేవి భీంరావు, జంగు, లచ్చు, సోము. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకు గౌరవం. ఇంటిపేరు చెబితే ఎన్ని దేవుళ్ళ సగావో, ఎవరితో పెళ్ళి కుదురుతుందో, ఎవరు అన్నదమ్ముల వరుసో తెలిసిపోతుంది. మనిషి ఎవరికి చెందుతాడో చెప్పడానికి మన పెద్దలు పేర్లు పెట్టారు. ఒకరిని వందమందిలోంచి విడదీసి చూపడానికి కాదు. యంత్రం ఆ పేర్లను సరిగ్గా ఆ రెండో పనికే వాడుతుంది.

మిగతా గుర్తులూ అంతే. ఇంటి నంబర్లు లేని గూడెంలో అందరిదీ ఒకే చిరునామా. పాత బడి రిజిస్టర్లు తిరగేస్తే వరుసగా జూన్, జూలై పుట్టినరోజులు. ఆధార్ తీసిన రోజున ఎందరో ముసలివాళ్ళకు జనవరి 1 పడింది. ఇక రాత సంగతి: మడావి అని ఒక శాఖ రాస్తే మాడవి అని ఇంకో శాఖ, ఇంగ్లీషులో మరో రెండు రకాలు. పెళ్ళయిన ఆడబిడ్డకు ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఇంకోదానిలో అత్తింటి పేరు. కాబట్టి ఇద్దరిని ఒకరు చేయడానికీ, ఒకరిని ఇద్దరు చేయడానికీ మన దగ్గర ఆ యంత్రానికి కావలసినంత చోటుంది.

ఇది ఊహ కాదా అని అడగవచ్చు. 2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో 18 లక్షల 60 వేలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు. 2022లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమన్నది. అందిన 4,91,899 దరఖాస్తుల్లో 2,05,734 చూసేసరికి 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. ఈ లెక్కలన్నీ 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధన కథనంలో ఉన్నాయి. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడికి, దాదాపు అదే పేరున్న మరొకరి కారును అంటగట్టిన సంగతీ అందులోనే ఉంది. పట్నంలో, కోర్టు దాకా వెళ్ళగలిగిన చోట జరిగిందది. నూటికి ఏడున్నరే కదా అనేవాళ్ళు ఉంటారు. వందమంది పిల్లల బడిలో ఏడెనిమిది మందిని మధ్యాహ్న భోజనం వరుసలోంచి లేపి పంపి, ఆ మాట వాళ్ళ ముఖం చూసి చెప్పమనండి.

ప్రోగ్రాం ఇంకా మెరుగుపడాలని చాలామంది విమర్శకులు అంటున్నారు. మేము అక్కడ ఆగలేం. మార్కుల గీత ఎక్కడ గీయాలో ఎవరు నిర్ణయించారు? దాని సోర్సు కోడు కోసం సమాచార హక్కు చట్టం కింద అడిగితే, హక్కులు కంపెనీవని చెప్పి ఇవ్వలేదు. పేదవాడి కరెంటు బిల్లు దాకా ప్రభుత్వానికి కనబడాలి, ప్రభుత్వం లెక్క మాత్రం పేదవాడికి కనబడకూడదు. వేదిక అని పేరు పెట్టారు గానీ దాని మీద నిలబడి మాట్లాడే వీలు ఊరివాళ్ళకు లేదు.

1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షన్ చూడండి. షెడ్యూల్డు ప్రాంతాల్లో పేదరిక నిర్మూలన, ఇతర కార్యక్రమాల లబ్ధిదారులను గుర్తించే బాధ్యత గ్రామసభకు ఇచ్చింది. అంటే యంత్రం పొరపాటు పడటమే కాదు, చట్టం మనకిచ్చిన పనిని చడీచప్పుడు లేకుండా తీసుకుంది. గ్రామసభలో అన్నీ సవ్యంగా జరుగుతాయని మేము చెప్పం. పటేలు మాట బరువుగా పడుతుంది, ఆడవాళ్ళు వెనుక వరుసలో కూర్చుంటారు. అయినా ఇద్దరు మడావి జంగుల్లో ఎవరికి ట్రాక్టరుందో, ఎవరికి ఏమీ లేదో అక్కడ అడగకుండానే అందరికీ తెలుసు. తప్పు జరిగితే లేచి, ఎందుకు అని అడగడానికి ఎదురుగా మనిషి ఉంటాడు.

యంత్రాన్ని ఎంతవరకు నమ్మాలో మన చట్టాల్లో ఒకచోట ముందే రాసి ఉంది. అటవీ హక్కుల చట్టం నియమాలను 2012లో సవరించినప్పుడు, ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు గానీ వాటి స్థానంలోకి రాకూడదని చేర్చారు. పోడు భూమి మీద పైనుంచి తీసిన ఫొటోకు పెట్టిన ఆ హద్దు రేషన్ కార్డు మీద కంప్యూటర్ మార్కులకు ఎందుకు ఉండకూడదు? కంప్యూటర్ అనుమానం చెప్పవచ్చు. ఆ అనుమానం కాగితం మీద గ్రామసభకు రావాలి. తీర్పు అక్కడ జరగాలి.

2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. కార్డు పోయిన ఇంటి తరఫున ఆయనకు అర్జీ రాసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, తోటి టీచర్లు ‘మాకు కారు లేదు’ అని రాసి ఆపవద్దు. ఏ శాఖ జాబితాలోని ఏ పేరుతో మమ్మల్ని కలిపారో లిఖితంగా చూపమని అడగండి. గ్రామసభ తీర్మానం నకలు జతచేసి, అర్జీ ముట్టినట్టు రసీదు తీసుకోండి.