పెనుకొండ సంకెల: ప్రార్థనా గాయకుని పాత్ర, ప్రతిష్ఠ – తులనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

దైవసన్నిధిలో పదిమంది ముందు నిలిచి పాడే వ్యక్తికి సమాజంలో గౌరవం ఎక్కువ, అనుమానమూ ఎక్కువే. ఆ కంఠం ఎవరి సొత్తు అన్న ప్రశ్నే ఈ అనుమానానికి మూలం. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) జీవితంలోని పెనుకొండ ఘట్టాన్ని, యూదుల ప్రార్థనా గాయకుడైన ‘హజ్జాన్’ సంప్రదాయంతో పోల్చి ఈ ప్రశ్నను పరిశీలించడం వ్యాస లక్ష్యం.

పెనుకొండ ఘట్టం

అన్నమయ్య మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రచించిన ‘అన్నమాచార్యచరిత్రము’ ఈ ఘట్టానికి ఆధారం. పెనుకొండలో సాళువ నరసింహరాయలు వేంకటేశ్వరునిపై శృంగార సంకీర్తన విని ముగ్ధుడై, తనపైనా అటువంటి పదం చెప్పమన్నాడు. అన్నమయ్య నిరాకరించాడు. రాజు సంకెల వేయించాడు. సంకీర్తనతో అది ఊడిపడగా, క్షమాపణ వేడుకొన్నాడు.

ఈ ఘట్టాన్ని పోతన నరాంకిత నిరాకరణతో జోడించి చెప్పడం పరిపాటి. ఆ పోలిక కొంతవరకే నిలుస్తుంది. కృతిని అంకితమివ్వడం గ్రంథానికి సంబంధించిన విషయం. ఇక్కడ రాజు కోరినది దేవుణ్ణి పాడిన గొంతునే తనవైపు తిప్పమని. అన్నమయ్య కాపాడుకొన్నది తన రచనతోపాటు తన నాలుకను కూడా. అయితే ఆలయ గౌరవాలు పొందిన తాళ్ళపాక వంశీయుడే ఈ కథను చెప్పాడని మరువరాదు. పూర్వీకుని భక్తితోపాటు సంకీర్తన సేవపై వంశానికున్న అధికారాన్నీ ఈ కథ చాటుతుంది.

హజ్జాన్: సమాజం పంపిన దూత

ప్రార్థనలు అందరికీ కంఠస్థం కాని కాలంలో సినగాగ్‌లో హజ్జాన్ అందరి పక్షాన పాడేవాడు. అతనికి ‘షెలియాహ్ సిబ్బూర్’, అంటే సమాజపు దూత అని పేరు. తళ్ళికోట యుద్ధానంతరం పెనుకొండ విజయనగర రాజధాని అయింది. ఆ యుద్ధం జరిగిన 1565లోనే వెనిస్‌లో అచ్చైన యోసెఫ్ కారో ధర్మశాస్త్రం ‘షుల్హాన్ అరూఖ్’ ఈ దూతకు ఉండవలసిన లక్షణాలను పేర్కొన్నది. సచ్ఛీలం, వినయం, జనామోదం, మధురకంఠం అందులోనివి. దైవస్తుతిలోని ఆనందంతో ప్రార్థనను సాగదీస్తే శ్లాఘ్యమనీ, తన గొంతుకు తానే మురిసి సాగదీస్తే నింద్యమనీ ఆ గ్రంథం తీర్పు.

ఈ గీటురాయి 20వ శతాబ్దిలో యోసెలె రోజెన్‌బ్లాట్ (1882–1933) జీవితంలో మళ్ళీ పరీక్షకు నిలిచింది. 1918లో ప్రదర్శనకు వెయ్యి డాలర్లిస్తామన్న షికాగో ఒపెరా ఆహ్వానాన్ని ఆయన తిరస్కరించాడు. 1925లో దివాలా తీశాక, అప్పులు తీర్చడానికి వినోద వేదికలెక్కక తప్పలేదు. అయినా 1927 నాటి ‘ది జాజ్ సింగర్’ చిత్రంలో పవిత్రమైన ‘కోల్ నిద్రే’ పాడడానికి ఒప్పుకోలేదు. అన్నమయ్య నాలుకనే దేవునికి కేటాయించాడు. రోజెన్‌బ్లాట్ గొంతును సంతకు తెచ్చినా ప్రార్థనను తేలేదు. హజ్జాన్‌కు సమాజం జీతమిచ్చింది, తాళ్ళపాకవారికి ఆలయం ఆదరణ ఇచ్చింది. కాబట్టి ప్రతిఫలం వల్ల ప్రతిష్ఠ చెడదు. ప్రార్థన గమ్యం మారితే చెడుతుంది.

ముగింపు

ఈ పోలిక మన లోపాన్ని కూడా చూపుతుంది. తిరుమల రాగిరేకులు అన్నమయ్య పదాలను, రాగనామాలను కాపాడాయి; బాణీలను కాపాడలేకపోయాయి. అనంతపురం ప్రాంతానికే చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ అనేక పదాలకు కొత్తగా స్వరాలు కూర్చవలసి వచ్చింది. యూదుల ప్రార్థనా బాణీలు మాత్రం ప్రధానంగా హజ్జానుల గొంతుల్లోనే తరం నుంచి తరానికి అందాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో చెక్కభజన గురువులు శిష్యులకు నోటితో, అడుగుతో అందించేదీ అటువంటి సంపదే. పదకర్తకిచ్చిన చోటును మన సాహిత్యచరిత్ర పాడేవానికి ఇవ్వలేదు. రేకుల మీది పదాన్ని పరిష్కరించినంత శ్రద్ధతో ఈ గురువుల బాణీలనూ సేకరించి అధ్యయనం చేయడం ఈ ప్రాంత పరిశోధకుల తక్షణ కర్తవ్యం. రేకు నాలుగు వందల ఏళ్ళు ఆగగలిగింది, గొంతు ఆగదు.