పొలంలో ఎవరు దిగుతారు?

పోయిన మంగళవారం రేపల్లె దగ్గర మా పిన్ని వాళ్లింట్లో ఉండగా ఒక సర్వే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. "వృత్తి ఏంటండీ?" అని మా తమ్ముణ్ణి అడిగింది. వ్యవసాయమన్నాడు. సొంత పొలం ఎంతంటే, లేదు, ఆరెకరాలు కౌలుకు చేస్తున్నానన్నాడు. ఆ పిల్ల తెర మీద అటూ ఇటూ వెతికింది. "కౌలని లేదండీ. రైతని పెట్టనా, కూలీ అని పెట్టనా?" మావాడు నా మొహం చూశాడు. వాకిట్లో గేదెకు కుడితి పెడుతున్న పిన్ని "రైతనే పెట్టమ్మా" అంది. ఆమె పేరు పక్కన అడక్కుండానే గృహిణి అని పడింది.

నాకూ గడులకూ పడదని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. 2011 జనగణనలో పనిచేసే మనుషులందరికీ కలిపి నాలుగే గడులు: సాగుదారు, వ్యవసాయ కూలీ, గృహ పరిశ్రమ, ఇతరులు. తెనాలి మార్కెట్లో నిమ్మకాయలు ఏరే మనిషీ, నాటకాలకు హార్మోనియం వాయించే ఆయనా, బాపట్ల వ్యవసాయ కళాశాల ప్రొఫెసరూ అందరూ ఇతరులే. ఆ కోపంతోనే ఈ వారం కాలమ్ మొదలుపెట్టాను.

రాస్తుంటే అనంతవరం గుర్తొచ్చింది. మన కొల్లూరు పక్క ఊరే. 1974లో పుచ్చలపల్లి సుందరయ్యగారు అక్కడా, కృష్ణా జిల్లా కాజలోనూ సర్వే చేశారు. అప్పుడాయన ఒక పార్టీకి ప్రధాన కార్యదర్శి. ఆ సర్వే మీద ఆయన రాసిన వ్యాసం 1977లో అచ్చయింది. బాపట్లలో చదువుకునే రోజుల్లో ఎవరో ఇచ్చిన జిరాక్సు కాగితాల్లో చదివాను. ఎకరాలు లెక్కేసి ఊరుకోలేదాయన. ఇంట్లో వాళ్లు పొలంలో దిగి పని చేస్తారా, ఎంత పని కూలీలతో చేయిస్తారు, వీళ్లే ఇంకొకరి చేలోకి కూలికి వెళ్తారా అని చూశారు. భూస్వామి, ధనిక రైతు, మధ్య రైతు, పేద రైతు, కూలీ అన్న తరగతులు అలా తేలాయి. వృత్తి ఏంటని అడిగితే అందరూ వ్యవసాయమనే అంటారు. ఎవరు దిగుతారని అడిగితే ఊరు విడివిడిగా కనపడుతుంది. 2005లో ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ అనే సంస్థ వాళ్లు మళ్లీ సర్వేకు అనంతవరం వచ్చారు.

ఆ ప్రశ్న అడక్కపోతే ఏమవుతుందో మావాడికి తెలుసు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మావాడి వరి నీళ్లలో పడుకుంది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు పాస్‌పుస్తకం అడిగారు. పాస్‌పుస్తకం హైదరాబాదులో ఉంది, పొలం గలాయన దగ్గర. పంట పోయినా కౌలు బస్తాలు కొలవాల్సిందే. 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు సాగు హక్కు పత్రం ఇస్తారు గానీ, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి పోతుందని వీడి భయం.

కాబట్టి గడులు తీసెయ్యమని ఇక రాయను. ఇంకొకటి పెట్టమంటాను, కౌలు అని. ఆ గడి లేకే మావాడు కౌలుదారుగా లెక్కలోకి రాలేదు.

సర్వే అమ్మాయి వెళ్లాక ఆ సాయంత్రం, గృహిణి గడిలో పడ్డ పిన్నిని కూర్చోబెట్టి పని రోజులు లెక్కేశాను. 2011 జనగణనలో ఏడాదికి 183 రోజులు పని చేస్తే ప్రధానంగా పనిచేసేవాళ్ల కింద లెక్క. ఇంటి వాడకానికి పాలు పిండినా పనే. ఊడ్పులు, కలుపు, మినుము పీకటం అన్నీ వేళ్ల మీద చెప్పుకుంటూ వచ్చింది. గేదెల దగ్గరికొచ్చేసరికి వేళ్లు ముడిచేసింది.

"పాలు పిండని రోజేముంది నాయనా?"