‘బిగ్ సర్’ నవలలో తీరమార్గం, ఒంటరి పథికుడు: ఒక పరిశీలన

యాత్రా సాహిత్య విమర్శలో రెండు ప్రమాణాలు తరచుగా కనిపిస్తాయి. ఒకటి యాత్రికుడి ఏకాంతం, రెండవది ప్రకృతిని కళ్లకు కట్టించే వర్ణన. మొదటిది అనుభవం యథార్థమైనదనడానికి, రెండవది రచన కళాత్మకమైనదనడానికి నిదర్శనాలుగా చెల్లుబాటవుతున్నాయి. అమెరికన్ రచయిత జాక్ కెరువాక్ నవల ‘బిగ్ సర్’ (1962) ఈ రెండింటినీ పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కలిగిస్తుంది. ఇది నవలే అయినా, కథానాయకుడు జాక్ డులోజ్ అనుభవాలకు 1960 వేసవిలో రచయిత గడిపిన జీవితమే ఆధారం. కనుక దీనిని యాత్రా రచనల సరసన నిలిపి చదవడం అసంగతం కాదు.

కాలిఫోర్నియా రాష్ట్రంలో రాతి కొండలు నిట్టనిలువుగా పసిఫిక్ సముద్రంలోకి దిగే తీరభాగం బిగ్ సర్. బిక్స్‌బీ వాగుపై కాంక్రీటు కమాను వంతెన 1932లో పూర్తయింది. కొండలను తొలిచి, కొంతవరకు ఖైదీల శ్రమతో నిర్మించిన తీర రహదారి 1937లో తెరుచుకుంది. కారులో సాగే యాత్రికుడికి ఈ తీరం వరుస దృశ్యాలుగా కనిపించడానికి ఆ రహదారే కారణం. సౌందర్యం ప్రకృతిదే కాని, దానిని చూసే కోణం మాత్రం ఇంజనీర్లు, కూలీలు, ఖైదీలు కలిసి ఏర్పరచినది.

డులోజ్ ఈ కోణాన్ని తలకిందులు చేస్తాడు. పేరుప్రతిష్ఠలతో, మద్యపానంతో విసిగిన అతడు మనశ్శాంతి కోసం మిత్రుడి కుటీరానికి బయలుదేరి, రాత్రివేళ టాక్సీ దిగి, లాంతరు పట్టుకొని లోయలోకి నడుస్తాడు. చీకటిలో సముద్రం కనిపించదు, ఘోష మాత్రమే వినిపిస్తుంది. తెల్లవారిన తరువాత తల పైకెత్తితే వంతెన, దాని కింద ఎప్పుడో పైనుంచి పడి తుప్పుపట్టిన కారు కనిపిస్తాయి. దారిన పోయేవారికి రమణీయమైన వంతెన అడుగునుంచి చూసేవాడికి భయకారణమవుతుంది.

ఆలంకారికుల పరిభాషలో ఈ మార్పును స్పష్టంగా వివరించవచ్చు. సముద్రతీరం, చంద్రోదయం, ఉద్యానం వంటివాటిని ఉద్దీపన విభావాలుగా గుర్తించడం మనకు పరిపాటి. డులోజ్ కూడా తీరాన్ని శాంతరసానికి ఉద్దీపనగానే కోరుకున్నాడు. అయితే కథ సాగేకొద్దీ అదే సముద్రం భయానికి ఆలంబనమవుతుంది. ఏకాంతం అతడికి నిర్వేదాన్ని గాక ఉద్వేగాన్నే మిగులుస్తుంది. నవల చివర సముద్రధ్వనులతో కూర్చిన దీర్ఘకవితను చేర్చడం గమనార్హం. తీరాన్ని చూసి వర్ణించే యత్నం విఫలమైన చోట విని పలికే యత్నం మొదలైంది.

నవలలో కీలకమైన ఘట్టం దీని తరువాత వస్తుంది. మూడు వారాల ఒంటరి వాసం ముగించి డులోజ్ ఆ రహదారి మీదనే మాంటరీ వైపు నడుస్తాడు. కాళ్లు బొబ్బలెక్కుతాయి. భార్యాబిడ్డలతో విహారానికి వచ్చినవారి కార్లు ఒకదాని వెంట ఒకటి సాగిపోతాయే కాని అతడికోసం ఆగవు. ‘ఆన్ ది రోడ్’ (1957) ద్వారా అపరిచితుల వాహనాలెక్కి దేశం తిరగడాన్ని ఒక తరానికి ఆదర్శంగా నిలిపిన రచయితే, ఆ దారి మూసుకుపోయిందని ఇక్కడ ఒప్పుకుంటున్నాడు. ఒంటరితనం అతడు ఎంచుకున్న వ్రతంగా మొదలై, దారి విధించిన శిక్షగా ముగుస్తుంది.

ఈ నవలకొక పరిమితి ఉంది. దారిన పోయేవారిని ఇంత తీక్షణంగా చూసిన కథకుడికి దారి వేసినవారు కనిపించరు. అదే తీరంలో నివసించిన రాబిన్సన్ జెఫర్స్ ‘ది కోస్ట్ రోడ్’ కవితలో కొండమీది ఒంటరి రౌతు వంతెన కడుతున్నవారిపై పిడికిలి బిగిస్తాడు. ఆ రౌతుది ఆగ్రహమే అయినా, అతడి చూపు పడడం వల్ల నిర్మాతలు రచనలోకి ప్రవేశించారు.

తెలుగు యాత్రా సాహిత్యానికి ఈ చర్చ అప్రస్తుతం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో సాగించిన కాశీయాత్ర ఒంటరి ప్రయాణం కాదు, పెద్ద పరివారంతో సాగినది. అయినా ‘కాశీయాత్ర చరిత్ర’ విలువ తగ్గలేదు. బోయీలు, మజిలీలు, నదులు దాటిన తీరు, నీటి వసతి, అంగళ్లు అందులో నమోదయ్యాయి. తనను ముందుకు నడిపించిన వ్యవస్థను ఆ రచన దాచలేదు.

కనుక ఏకాంతాన్ని, దృశ్యవర్ణనను ప్రమాణాలుగా స్వీకరించేటప్పుడు విమర్శకుడు మరో ప్రశ్నను జోడించుకోవాలి. యాత్రికుడు ఏ దారిపై, ఎవరి శ్రమపై ఆధారపడి ఆ దృశ్యాన్ని చేరుకున్నాడు, ఆ ఆధారాన్ని రచన గుర్తించిందా? ఇలా చూస్తే ‘బిగ్ సర్’ సగం దూరం వచ్చిన రచన. తీరాన్ని దృశ్యంగా మార్చిన దారిని అది చూసింది, ఆ దారి వెనుకనున్న చేతులను చూడలేదు. విశాఖపట్నం–భీమునిపట్నం తీరమార్గం వంటి చోట్లపై వచ్చే తెలుగు రచనలను అంచనా వేసేటప్పుడు కూడా ఈ ప్రశ్న ఉపయోగపడుతుంది.