బాలింతకు పనికొచ్చే గుర్రపు విద్య

గుర్రానికి కండబలం, నిలకడ, మాట వినే గుణం మెల్లమెల్లగా అలవరిచే యూరపు శిక్షణ సంప్రదాయం డ్రెసాజ్. పోటీల్లో మనకు కనిపించేది దాని చివరి మెట్టు. రౌతు కదిలీ కదలనట్టు కూర్చుని ఉంటే, గుర్రం ఉన్నచోటే లయ తప్పకుండా అడుగులు వేస్తుంది. ఆ మెట్టు చేరడానికి ఏళ్లు పడుతుంది, అందులో చాలా పని జీను మీద జరగదు. శిక్షకుడు నేల మీద నిలబడి, పొడవాటి తాడుతోనో జంట పగ్గాలతోనో గుర్రాన్ని నడిపిస్తాడు. స్వారీ నేర్చుకునేవాళ్లు ఈ నేల పనిని చిన్నచూపు చూస్తారు. గర్భిణిగా ఉన్న నెలల్లోనూ బిడ్డ పుట్టిన తొలి ఏడాదిలోనూ గుర్రం శిక్షణ తెగిపోకుండా ఆదుకునేది మాత్రం ఇదే.

ఈ సంప్రదాయం తన మూలపురుషుడిగా చెప్పుకునేది గ్రీకు సేనాని జెనొఫోన్‌ని. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిలో ఆయన రాసిన అశ్వవిద్యా గ్రంథం, బెదిరించి చేయించిన పనిలో అందం ఉండదని వాదిస్తుంది. ఫ్రాన్సులో బాలరాజు 13వ లూయీకి స్వారీ నేర్పిన ఆంట్వాన్ ద ప్లువినెల్ (1555–1620), గుర్రాన్ని రెండు స్తంభాల మధ్య నిలిపి కాళ్లు కూడదీసుకోవడం నేర్పే పద్ధతికి పేరు తెచ్చాడు. 1733లో ‘ఎకోల్ ద కవల్‌రీ’ ప్రచురించిన లా గెరినియేర్, గుర్రం భుజాల్ని లోపలికి మళ్లించి ఏటవాలుగా నడిపే సాధనను శిక్షణకంతటికీ పునాది చేశాడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ నేటికీ ఆ పుస్తకాన్నే ఆధారంగా పెట్టుకుంటుంది. ఆ పాఠశాల అశ్వవిద్యను 2015లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ గ్రంథకర్తల్లో ఎవరూ కడుపుతో ఉన్న రౌతును ఊహించి రాయలేదు. రాజాస్థానాల్లోనూ అశ్వదళాల్లోనూ పెరిగిన విద్య ఇది, అక్కడి మగవాళ్ల ఇళ్లలో పిల్లల పెంపకం వేరేవాళ్ల పని. ఒలింపిక్ డ్రెసాజ్‌లో 1948 దాకా సైనికాధికారులకే చోటు. స్త్రీలనూ సైన్యంలో లేనివాళ్లనూ 1952 హెల్సింకీ క్రీడల్లో తొలిసారి రానిచ్చారు. వియన్నా పాఠశాల అమ్మాయిల్ని శిష్యులుగా తీసుకున్నది 2008లో.

గుమ్మం తెరిచిన ఆ 1952లోనే రజతం గెలిచిన లిస్ హార్టెల్ కథ ఈ విషయానికి సరిగ్గా అతుకుతుంది. డెన్మార్కుకు చెందిన హార్టెల్‌కు 1944లో, 23 ఏళ్ల వయసులో, రెండో బిడ్డ కడుపులో ఉండగా పోలియో సోకింది. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది కాని, తల్లికి మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. ఆమె మళ్లీ గుర్రమెక్కింది. మామూలు రౌతు పిక్కలతో ఇచ్చే సంకేతాల్ని ఆమె నడుముతో, బరువు అటూ ఇటూ మార్చడంతో ఇవ్వడం సాధన చేసింది. జూబిలీ అనే ఆడగుర్రం ఆ కొత్త భాషను నేర్చుకుంది. హెల్సింకీలో ఆమెను గుర్రం మీదికి ఎక్కించడానికీ దించడానికీ మనుషులు సాయం పట్టారు. పతకాలు ఇచ్చే వేదిక మీదికి, స్వర్ణం గెలిచిన స్వీడన్ రౌతు హెన్రీ సాంసీర్ చేయందించి తీసుకెళ్లాడు. 1956లోనూ ఆమెకు రజతమే దక్కింది. ఆమెది పోలియో కథగానే అందరూ చెబుతారు. అది ఒక బాలింత కథ కూడా. ఒళ్లు మారిపోయిన రౌతు తన పాత సంకేతాల కోసం ఎదురుచూడకుండా గుర్రంతో కొత్త ఒప్పందం కుదుర్చుకోవచ్చని ఆమె రుజువు చేసింది.

గర్భిణి జీను ఎప్పుడు దిగాలన్న ప్రశ్నకు వైద్యుల జవాబు సూటిగా ఉంటుంది. కిందపడే ప్రమాదం ఎక్కువగా ఉన్న వ్యాయామాల్లో గుర్రపుస్వారీని చేర్చి, గర్భిణులు దాన్ని మానాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెబుతుంది. తొలి 12 వారాలు గర్భసంచి కటి ఎముకల గూటిలోనే ఉంటుంది కనుక దెబ్బ నుంచి కొంత రక్షణ ఉంటుంది. ఆ తర్వాత పొట్టకు గట్టి దెబ్బ తగిలితే మాయ గర్భసంచి గోడ నుంచి విడిపోవచ్చు, అది తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణగండం. ఊపును తట్టుకోవడం ఒక్కటే సమస్య అయితే అనుభవం అక్కరకొచ్చేది. ఎంత నెమ్మదైన గుర్రమైనా ఎగిరిన ప్లాస్టిక్ సంచీని చూసి పక్కకు దూకగలదు, పడేవాళ్లు రెండు మీటర్ల ఎత్తు నుంచి పడతారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఆంకీ వాన్ గ్రున్స్‌వెన్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కడుపుతో ఉండగానే స్వర్ణం గెలిచింది. పుట్టుకతోనే గుర్రాల మధ్య పెరిగినట్టుండే ఇలాంటి మనుషుల్ని చూసి ఆశ్చర్యపోవచ్చు, అనుకరించడానికి మాత్రం అది ఆధారం కాదు. వైద్యురాలితో మాట్లాడి దిగే తేదీ ముందే అనుకోవడం మేలు. గుర్రాన్ని ఎవరికి అప్పగించాలో, ఏ పని ఎవరు చేయాలో అప్పుడే తేలుతుంది.

దిగిన రోజు నుంచి నేల పని మొదలవుతుంది. ఇందులో మొదటిది లాంజింగ్. ఏడెనిమిది మీటర్ల తాడు చివర గుర్రాన్ని వలయంగా తిప్పడమే ఇది అనిపిస్తుంది. అలా తిప్పి వదిలేస్తే గుర్రానికి తల తిరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ముక్కు మీద ఉంగరం ఉన్న కావెసన్ అనే తలకట్టుకు తాడు కడతారు, కళ్లెం నోట్లో లాగుడు పడకుండా. తాడును మడతలుగా అరచేతిలో పట్టుకోవాలే కాని చేతికి చుట్టుకోకూడదు. గుర్రం ఒక్కసారి దౌడు తీస్తే చుట్టుకున్న తాడు వేళ్లను తెంపుకుపోతుంది. అందుకే చేతికి తొడుగులు తప్పనిసరి. ఒక చేతి నుంచి తాడు గుర్రం తలకూ, మరో చేతి నుంచి పొడవాటి కొరడా దాని వెనక కాళ్ల వైపుకూ సాగి త్రికోణం ఏర్పడుతుంది. కొరడా కొట్టడానికి కాదు, దారి చూపడానికి. శిక్షకురాలు గుర్రం భుజానికి ముందుగా అడుగేస్తే అది నెమ్మదిస్తుంది. తుంటి వైపు జరిగితే ముందుకు సాగుతుంది. గొంతు పెంచకుండా, తాడు లాగకుండా ఈ ఒక్క అడుగు తేడాతో వేగం మార్చగలిగితే పని సగం వచ్చినట్టే.

చూడాల్సినవి గుర్రం ఒంటి మీదే ఉంటాయి. మామూలు నడకలో వెనక డెక్క, ముందు డెక్క వదిలిన గుర్తును దాటి పడుతోందా? వీపు కదులుతోందా, బల్లలా బిగుసుకుందా? మెడ కిందికి చాచి ముక్కుతో బుస్సుమని గాలి వదిలితే బిగువు సడలినట్టు. జీను మీద ఉన్నప్పుడు రౌతుకు ఇవేవీ కనిపించవు. ఏళ్లుగా స్వారీ చేస్తూ ఎడమ వైపు మెడ వంపు బిగుతుగా ఉందని మాత్రమే అనుకున్నవాళ్లు, అసలు లోపం కుడి వెనక కాలు తక్కువగా వేయడంలో ఉందని నేల మీద నిలబడ్డాకే గుర్తించడం మామూలే. పనంతా కలిపి ఇరవై నిమిషాలు చాలు, అయిదేసి నిమిషాలకు దిశ మార్చాలి. ఎంత చిన్న వలయమైతే కీళ్ల మీద అంత భారం కనుక వలయం వ్యాసం పదిహేను మీటర్లకు తగ్గకూడదు. నేల మీద మూడు నాలుగు కర్రలు పరిస్తే పని ఇంకా చిక్కనవుతుంది. ట్రాట్ అనే నెమ్మది పరుగులో పెద్ద గుర్రానికి వాటి మధ్య దాదాపు 1.3 మీటర్ల ఎడం ఉండాలి.

రెండోది లాంగ్ రెయిన్స్. రెండు పొడవాటి పగ్గాలు గుర్రం రెండు పక్కల నుంచి వెనక నడిచే మనిషి చేతుల్లోకి వస్తాయి. జీను మీది నుంచి నేర్పే మలుపులు, పక్కనడకలు దాదాపు అన్నీ ఇలా నేర్పవచ్చు. వియన్నాలో శిక్షకులు గుర్రం తుంటిని ఆనుకున్నంత దగ్గరగా నడుస్తూ చేయించే విద్య ఇదే. ఎంత చక్కనిదైనా నెలలు నిండుతున్న గర్భిణికి ఇది తగదు, మనిషి తన్నుకు అందే చోటే ఉంటుంది కనుక. లాంజింగ్ కూడా ఆరో ఏడో నెల దాటాక మరొకరికి అప్పగించి, కంచె అవతల నిలబడి పని చెప్పడం క్షేమం.

గుర్రానికి రోజూ స్వారీ అక్కర్లేదు, రోజూ కదలిక మాత్రం కావాలి. వారానికి మూడు నాలుగుసార్లు నేల పని, మిగతా వేళ పచ్చికలో వదలడం, ఇవి ఉంటే నెలల విరామాన్ని అది తేలిగ్గా తట్టుకుంటుంది. జారిపోయేది దాణా విషయంలోనే. పని తగ్గినా ఓట్స్, ఉలవ గుగ్గిళ్లు పాత కొలతలోనే పెట్టి, ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత గట్టిగా పని చేయిస్తే కొన్ని గుర్రాల కండరాలు బిగుసుకుపోయి అడుగు పడదు, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. బండి గుర్రాలకు ఆదివారం సెలవు తర్వాత వచ్చేది గనక యూరప్‌లో దీన్ని సోమవారం జబ్బు అనేవారు. పని తగ్గిన రోజునే గింజ తగ్గించి గడ్డి పెంచాలి. దాణా కొలిచే సైసుకు (గుర్రాన్ని చూసుకునే పనివాడికి) ఈ మాట చెప్పడం యజమానురాలి పని.

పురుడయ్యాక మళ్లీ జీను ఎక్కడంలో తొందరపెట్టేది ఒళ్లు కాదు, మనసు. ఆరు వారాల పరీక్షలో అంతా సవ్యమని వైద్యురాలు చెప్పినా, అది రోజువారీ పనులకు అనుమతి, ట్రాట్‌లో ఎగిరిపడటానికి కాదు. కడుపుతో ఉన్నప్పుడు వదులైన కీళ్లు బిగియడానికి నెలలు పడుతుంది. పొట్ట మధ్య కండరాలు ఎడమై ఉంటాయి, కటి అడుగు కండరాలు బలహీనంగా ఉంటాయి. దగ్గినప్పుడు మూత్రం చుక్క పడుతున్నంత కాలం స్వారీ చేయకూడదు. సిజేరియన్ అయితే లోపలి కుట్టు మానడానికి మరింత గడువివ్వాలి. పచ్చి ఒళ్లని మన పెద్దవాళ్లు జాగ్రత్త చెప్పడంలో ఇక్కడ వైద్యానికి విరుద్ధమేమీ లేదు.

ఎక్కే రోజున సంప్రదాయం చక్కని దారి చూపుతుంది. వియన్నాలో కొత్త శిష్యులు పగ్గాలు పట్టరు, రికాబుల్లో కాళ్లు పెట్టరు. గురువు తాడు పట్టి గుర్రాన్ని వలయంగా తిప్పుతుంటే నెలల తరబడి కేవలం కూర్చోవడం నేర్చుకుంటారు. బాలింతకు కావలసినదీ అదే. గుర్రం బాధ్యత ఇంకొకరిది, ఆమె తన నడుము, ఊపిరి, రెండు కూర్చునే ఎముకల మీద బరువు సమంగా పడటం మాత్రమే చూసుకుంటుంది. జీను ముందుభాగంలో ఒక పట్టీ కట్టుకుని పట్టుకోవచ్చు. ముందు పదిహేను నిమిషాల నడక, అలా కొన్ని వారాలు. ట్రాట్ ఆ తర్వాత. విరామం తీసుకున్న గుర్రానికీ ఇదే క్రమం సరిపోవడం ఇద్దరికీ లాభం.

ఇక మిగిలింది గంటల లెక్క. పాలిచ్చే తల్లి బిడ్డకు పాలు పట్టిన వెంటనే గుర్రపుసాలకు వెళితే రొమ్ముల బరువు, పాల ఒత్తిడి రెండూ తగ్గుతాయి. హైదరాబాద్ లాంటి ఊళ్లలో ఎండాకాలం తెల్లవారుజామునే స్వారీ ముగించాలి, బిడ్డ సరిగ్గా ఆ వేళకే లేస్తుంది. భర్తో అత్తగారో ఆ గంట తమదని ఒప్పుకోకపోతే ఏ పద్ధతీ పనిచేయదు. రాత్రంతా నిద్ర లేని రోజున చురుకుదనం తగ్గుతుంది కనుక ఎక్కకుండా గుర్రానికి మాలీషు చేయడంతో సరిపెట్టడం మంచిది. తండ్రి రౌతు అయితే ఈ నిద్ర లెక్క అతనికీ వర్తిస్తుంది.

బిడ్డను గుర్రపుసాలకు తీసుకెళితే బిడ్డను మాత్రమే చూసుకునే పెద్ద మనిషి ఒకరుండాలి. ఒకే మనిషి ఒక చేత్తో తాడు, మరో చేత్తో తోపుడుబండి పట్టడం కుదరదు. గుర్రపు లద్దెలో ధనుర్వాతం బీజాలుంటాయి. గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా వేసే టీడీ టీకా స్వారీ చేసేవాళ్లకు రెండింతలు ముఖ్యం. గుర్రాల నుంచి తామర, విరేచనాల క్రిములు అంటుకునే వీలుంది కనుక బట్టలు మార్చి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

ఇలాంటి విరామం పోటీలకు అడ్డు కాలేదు. జర్మనీకి చెందిన జెస్సికా ఫాన్ బ్రెడో-వెర్న్‌డెల్ 2022 ఏప్రిల్‌లో డలేరా అనే ఆడగుర్రం మీద ప్రపంచ కప్ గెలిచి, ఆగస్టులో రెండో బిడ్డను కని, ఆ నెలలో జరిగిన ప్రపంచ పోటీలు వదులుకుంది. 2023 ఏప్రిల్‌లో అదే కప్‌ను, 2024 పారిస్‌లో వ్యక్తిగత స్వర్ణాన్ని అదే డలేరా మీద గెలిచింది. ఆమె వెనక అన్న, శిక్షకులు, సహాయకులతో సొంత గుర్రపుసాల ఉంది, ఇది దాచకూడని విషయం. అంత బలగం లేని రౌతుకు నేల పని వచ్చిన ఒక్క సైసు, ఒక్క స్నేహితురాలు చాలు. మన రైడింగ్ క్లబ్బుల్లో చేరే ఆడపిల్లలు స్వారీ పాఠాలతో పాటు లాంజింగ్ కూడా నేర్పమని మొదటి నెలలోనే అడగాలి. అడిగేవాళ్లుంటేనే క్లబ్బులు నేర్పుతాయి.